‘కోణంగి’ అంటే ఒక పాత్రా, లేక హాస్యగాళ్ళందరికీ వాడే మాటా?

మాది పాత శ్రీకాకుళం జిల్లా, పాలకొండ వైపు. మా ఊళ్ళో ఆడిన తూర్పు భాగవతం (మా వైపు పల్లెల్లో పాటలతో ఆడే వేషాల ఆట) పాత రికార్డింగు ఒకటి, 47 నిమిషాలది, విని రాసుకుంటున్నాను. అందులో మూడు చోట్ల ‘కోణంగి’ అనే మాట వచ్చింది. 12వ నిమిషంలో ‘కోణంగొచ్చాడు’ అనగానే జనం గొల్లున నవ్వారు. ఎవరొచ్చారో, ఏ వేషంలో వచ్చారో రికార్డింగులో తెలియదు. పాడినాయన ఇప్పుడు లేరు.

నిఘంటువులు చూశాను. హాస్యగాడు, విదూషకుడు అని ఇచ్చి ఊరుకున్నాయి. తోలుబొమ్మలాటలో నవ్వించే కేతిగాడు, జుట్టుపోలిగాడు వేరువేరు బొమ్మలు. సత్యభామ కథ ఆడే భామాకలాపంలో నవ్వించే పని ఆమె చెలికత్తె మాధవిది. మరి వీళ్ళ మధ్య కోణంగి ఎక్కడివాడు? తమిళంలోనూ ఈ మాట ఉంది, అక్కడ విదూషకుడితో పాటు డమరుకం వాయిస్తూ జోస్యం చెప్పేవాణ్ణీ అలాగే అంటారు. కోణ అంటే వంకర, అంగి అంటే చొక్కా, కాబట్టి వంకర చొక్కావాడు అని ఒక మిత్రుడు విడగొట్టి చెప్పాడు. వినడానికి బాగుంది గానీ నాకు నమ్మకం కుదరలేదు.

ఊళ్ళో ముగ్గురు పెద్దవాళ్ళని అడిగాను. ‘కోణంగి వేషాలెయ్యకు’ అని పిల్లల్ని తిట్టడమే వాళ్ళకి తెలుసు, ఆటలో చూసిన గుర్తు లేదన్నారు. అర్థం తప్పు రాస్తే ఆ పాడినాయన పాటకే అన్యాయం చేసినవాణ్ణవుతాను.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో భాగవతాలు చూసినవాళ్ళు చెప్పండి: మీరు చూసిన ఆటలో కోణంగి అని ప్రత్యేకంగా ఒక వేషం ఉండేదా, లేక నవ్వించే ఎవరినైనా అలా పిలిచేవారా?