తాండూరు బండలా, విట్రిఫైడ్ టైల్సా? మేస్త్రీ రాసిచ్చిన అంచనా గురించి

మిర్యాలగూడ టీచర్:

అందరికీ నమస్కారం. మిర్యాలగూడ దగ్గర మా ఊళ్లో కట్టుకుంటున్న ఇంటికి లోపలి ప్లాస్టరింగ్ పూర్తయి, పని ఇప్పుడు ఫ్లోరింగ్ దగ్గరికి వచ్చింది. ఒకే అంతస్తు ఇల్లు. గదులన్నీ కలిపి దాదాపు 900 చదరపు అడుగులు. హాలుకూ వంటింటికీ తాండూరు నీలం బండలే వేయించాలని మా అమ్మ పట్టుబడుతోంది. ఎండాకాలం మధ్యాహ్నం చాప కూడా లేకుండా వాటిమీద నడుం వాల్చవచ్చన్నది ఆమె వాదన. పిల్లలకు మాత్రం మెరిసే టైల్స్ కావాలి.

నా ఇబ్బంది వేరే ఉంది. మేస్త్రీ ఇచ్చిన కాగితంలో "బెడ్డు రెండు అంగుళాలు, పాలు పోసి పరచుట, స్కర్టింగ్ అడుగు లెక్క, గ్రౌటింగ్ విడిగా, పాలిష్ మూడుసార్లు" అని మాత్రమే ఉంది. టైల్స్ షాపువాళ్లు డబుల్ చార్జ్, జీవీటీ, ఫుల్ బాడీ అని మూడు రకాలు చూపించి, అన్నీ విట్రిఫైడేనని చెప్పారు తప్ప తేడా వివరించలేదు. పైగా మాది బోరు నీరు. ప్రస్తుతం ఉంటున్న అద్దె ఇంట్లో తుడిచిన చోటల్లా తెల్లటి మరక మిగిలిపోతోంది. మా ఇంటికి ఏది తగును, ఒప్పందంలో ముందే ఏయే సంగతులు రాయించుకోవాలి అన్నది అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పాలమూరు ఇంజినీర్:

టీచర్ గారూ, బండలా టైల్సా అన్నది తేల్చుకునే ముందు బేస్‌మెంట్‌లో ఏ మట్టి నింపారో చెప్పండి. నల్లరేగడి మట్టి తడికి ఉబ్బి, ఆరితే కుంచించుకుపోతుంది కాబట్టి దానిమీద ఎంత ఖరీదైన ఫ్లోరింగ్ వేసినా రెండు మూడు వానాకాలాల్లో ఎక్కడో ఒకచోట కుంగుతుంది. మొరం నింపినా ట్రాక్టర్లకొద్దీ ఒకేసారి దించి పైపైన చదును చేస్తే లాభం లేదు. ఎనిమిది అంగుళాలకు మించకుండా పొరలు పొరలుగా పోసి, ప్రతి పొరనూ నీళ్లతో తడిపి దిమ్మిసతో గట్టిపరచాలి. దాని మీద కంకర కాంక్రీటు పొర పడిన తరువాతే బెడ్డు. మీ మేస్త్రీ కాగితంలో ఈ కాంక్రీటు ప్రస్తావనే లేదు కాబట్టి అది అంచనాలో ఉందో లేదో మొదట అడగండి.

ఇక "బెడ్డు రెండు అంగుళాలు" అన్న మాట. బెడ్డు అంటే బండ కింద పరిచే ఇసుక, సిమెంటు మాలు. ఇది మందంగా ఉంటే గట్టిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు గానీ, కింది కాంక్రీటు లెవెల్‌గా ఉంటే టైల్స్‌కు ముప్పావు అంగుళం నుంచి అంగుళం వరకు చాలు. తాండూరు బండల మందం ఒక్కొక్కటి ఒక్కోలా ఉండవచ్చు, అందుకని అక్కడ కాస్త ఎక్కువ పడుతుంది. రెండు అంగుళాలు అని రాశారంటే కింది నేల ఎగుడుదిగుడుగా ఉందని, దాన్ని మాలుతో సరిచేయబోతున్నారని అర్థం చేసుకోవచ్చు. పాళ్లు కూడా కాగితంలో ఉండాలి: ఒక వంతు సిమెంటుకు నాలుగు వంతుల ఇసుక అని రాయించుకుంటే తరువాత వాదన ఉండదు.

"పాలు పోయడం" అంటే బెడ్డు మీద చిక్కటి సిమెంటు నీళ్లు పరిచి దానిమీద బండను కూర్చోబెట్టడం. తాండూరు బండకు ఇది బాగా పట్టుకుంటుంది. విట్రిఫైడ్ టైల్ (ఎక్కువ వేడిలో కాల్చి గాజులా గట్టిపరిచినది) మాత్రం అర శాతానికి మించి నీరు పీల్చదు, కాబట్టి దాని వెనుక భాగంలోకి సిమెంటు పాలు చొరబడవు. గోడలకు వేసే సిరామిక్ టైల్స్ పది శాతానికి పైగా నీరు పీలుస్తాయి గనుక వాటిని ముందుగా నీళ్లలో నానబెడతారు. అదే అలవాటుతో విట్రిఫైడ్ టైల్స్‌ను కూడా తొట్టిలో వేసే మేస్త్రీలు ఉన్నారు, దానివల్ల ఒరిగేదేమీ లేదు. వీటికి టైల్ అడ్హెసివ్, అంటే టైల్స్ అతికించే జిగురు పొడి, వాడటమే సరైన పద్ధతి. సంచి మీద దాని భారతీయ ప్రమాణం నంబరు ఐఎస్ 15477 అని ఉందో లేదో చూడండి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ మీ మేస్త్రీ టైల్స్‌ను కూడా పాలతోనే వేస్తానంటే నేనైతే ఒప్పుకోను.

షాపువాళ్లు చెప్పని తేడా ఇది. డబుల్ చార్జ్‌లో రెండు పొరల మట్టిని కలిపి అదుముతారు. పైనున్న రంగు పొర మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి ఏళ్లతరబడి అరిగినా డిజైను పోదు. జీవీటీ (గ్లేజ్డ్ విట్రిఫైడ్ టైల్)లో డిజైనును ముద్రించి పైన గ్లేజు వేస్తారు. అందం ఎక్కువ, గీతలు పడితే కనిపించడమూ ఎక్కువ. ఫుల్ బాడీలో పైనుంచి కింది దాకా ఒకటే రంగు. ఇంట్లో ఎక్కువ మంది తిరిగే హాలుకు డబుల్ చార్జ్ సరిపోతుంది.

జడ్చర్ల బండల దుకాణం:

అమ్మగారి మాటకు నా ఓటు. నేను అమ్మేది బండలే కాబట్టి ఆ సంగతి కూడా లెక్కలోకి తీసుకుని నా మాట వినండి.

తాండూరు బండ, కర్ణాటక నుంచి వచ్చే షాబాద్ బండ, కర్నూలు వైపు నుంచి వచ్చే బేతంచెర్ల బండ, నల్లగా ఉండే కడప బండ, ఇవన్నీ సున్నపురాయి జాతివే. కాబట్టి వీటికి పులుపు పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికి రాత్రంతా అలాగే ఉంటే మెరుపు పోయి మసకబారిన మచ్చ మిగులుతుంది. గ్రానైట్‌కు ఈ బాధ లేదు. అందుకే వంటింట్లో గట్టుకు గ్రానైట్, కిందికి తాండూరు అని నేను చెబుతాను. మీరు అడిగిన తెల్ల మరకలు బోరు నీటిలోని కాల్షియం వల్ల వచ్చేవే. వాటిని వదిలించడానికి బాత్రూములు కడిగే యాసిడ్ తెచ్చి బండల మీద పోస్తే బుసబుసమని పొంగి మరకతో పాటు బండ పైపొర కూడా కరిగిపోతుంది. తుడిచిన వెంటనే పొడిగుడ్డతో మరోసారి తుడిస్తే మరక పడనే పడదు.

మరి పాలిష్ చివర ఆక్సాలిక్ పొడి వేస్తారు కదా, అదీ ఆమ్లమే కదా అని అడిగేవారున్నారు. అది సున్నపురాయితో కలిసినప్పుడు నీటిలో కరగని కాల్షియం ఆక్సలేట్ ఏర్పడుతుంది, దాన్ని యంత్రంతో రుద్దితే నునుపు తేలుతుంది. బాత్రూం యాసిడ్‌తో ఏర్పడేది నీటిలో కరిగి కొట్టుకుపోతుంది.

కొనేటప్పుడు మందం అంగుళానికి దగ్గరగా ఉన్న బండలు ఏరించుకోండి. అంచులు మిషన్ కటింగ్ అయితే జాయింట్ సన్నగా వస్తుంది. చేతితో కొట్టినవి చవకే కానీ జాయింట్‌లో మురికి చేరుతుంది. "పాలిష్ మూడుసార్లు" అంటే మిషన్‌కు బిగించే 60, 120, 320 నంబర్ల రుద్దుడు రాళ్లతో వరుసగా అని రాయించండి. నంబరు రాయకపోతే ఒకే రాయిని మూడుసార్లు తిప్పి లెక్క చెప్పినా మీరు అడగలేరు.

దేవరకొండ మేస్త్రీ:

ఇంజినీర్ గారు చెప్పినదానికి నేను రెండు సంగతులు చేరుస్తాను. టైల్స్‌ను సందు లేకుండా ఆనించి వేయమని ఇంటివాళ్లే అడుగుతుంటారు, చూడటానికి బాగుంటుందని. మన నల్గొండ మే నెల ఎండలకు అవి వ్యాకోచించి, ఎటూ జరగడానికి చోటు లేక, రెండు టైల్స్ కలిసిన చోట గుడిసె కప్పులా పైకి లేస్తాయి. మధ్యలో స్పేసర్ పెట్టి కనీసం రెండు మిల్లీమీటర్లు, గోడ పక్కన అర సెంటీమీటర్ వదలాలి. గోడ పక్క సందును స్కర్టింగ్, అంటే గోడ అడుగున వేసే పట్టీ, కప్పేస్తుంది. బాత్రూంలో వాటం అడుగుకు పావు అంగుళం చొప్పున జాలీ వైపు ఉండాలి. గ్రౌటింగ్‌కు, అంటే టైల్స్ మధ్య సందులు నింపడానికి, ముందే ఒక బకెట్ నీళ్లు పోసి చూడండి.

లెక్కలో ఒక మెలిక ఉంది. రెండు బై రెండు అని పిలిచే టైల్ నిజానికి 600 మిల్లీమీటర్లే. నాలుగు టైల్స్ పెట్టెకు 16 చదరపు అడుగులు అనుకుంటారు, వచ్చేది పదిహేనున్నర. 900 అడుగులకు 57 పెట్టెలు అనుకున్నవి 59 దాకా అవుతాయి, కటింగ్ వృథా దానిపైన. అన్ని పెట్టెల మీద ఒకే బ్యాచ్ నంబర్ ఉండేలా చూసి ఒకేసారి దించుకోండి. తరువాత తెచ్చినవి రంగు కలవవు.

పని అప్పగించుకునే రోజు ప్రతి టైల్ నాలుగు మూలలా నాణెంతో తట్టండి. డొల్లగా మోగితే ఆ మూల కింద మాలు లేదని అర్థం. కూలీ చివరి వాయిదా ఆ పరీక్ష తరువాతే ఇవ్వండి, నేను మేస్త్రీనైనా ఈ మాటే చెబుతాను.

మిర్యాలగూడ టీచర్:

అందరికీ కృతజ్ఞతలు. నింపింది మొరమే, కాంక్రీటు మాత్రం అంచనాలో లేదని ఈ రోజు తేలింది, చేర్పించాను. హాలు, వంటిల్లు తాండూరు, పడక గదులు డబుల్ చార్జ్ అని ఇంట్లో రాజీ కుదిరింది. పెయింటింగ్‌వాళ్లు వచ్చే వారమే వస్తామంటున్నారు. బండలు పరిచి, రంగులు వేసి, ఆపైన పాలిష్ చేయించవచ్చా?

దేవరకొండ మేస్త్రీ:

వద్దు సార్. పాలిష్ మిషన్ తిరిగేటప్పుడు బురద గోడల మీద రెండు మూడు అడుగుల దాకా చిమ్ముతుంది. బండలు పరిచి, జాయింట్లు నింపి, వారం రోజులు తడిపిన తరువాత మొదటి రెండు రాళ్లు తిప్పించండి. అప్పుడు గోడలకు పుట్టీ, ప్రైమర్, ఒక కోటు రంగు. ఆఖరి రాయి, ఆక్సాలిక్ అయ్యాక గోడలకు చివరి కోటు. ఆ కోటు వేసేటప్పుడు బండల మీద ప్లాస్టిక్ షీటు పరిపించండి, రంగు చుక్కలు పడితే గీకి తీయాల్సి వస్తుంది.