72 ఫోర్డ్ ట్రక్కుకి మాన్యువల్ చోకా, ఆటోమేటిక్ చోకా?

పాతబండి72 (మిషిగన్)
నాది 1972 ఫోర్డ్ ఎఫ్-100. 360 వీ8 ఇంజిన్, రెండు బ్యారెళ్ళ మోటార్‌క్రాఫ్ట్ 2100 కార్బురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపేది). చోక్ అంటే దాని మీది రేకు, చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవడానికి గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచుతుంది. ఎగ్జాస్ట్ దగ్గర నుంచి చోక్ డబ్బాలోకి వేడిగాలి తెచ్చే సన్న గొట్టం తుప్పు పట్టి విరిగిపోయింది. వేడి తగలకపోతే లోపలి స్ప్రింగ్ సడలదు కదా, చోక్ రేకు సగం మూసుకునే ఉంటోంది. పావుగంట నడిపినా సైలెన్సర్ నుంచి నల్లపొగ. ప్లగ్గులు విప్పి చూస్తే కాటుక పెట్టినట్టున్నాయి.

కరెంటుతో స్ప్రింగ్‌ని వేడిచేసే ఎలక్ట్రిక్ చోక్ మూత కొని బిగించాలా, లేక డాష్‌బోర్డు కింద నాబ్ పెట్టి కేబుల్ లాక్కోవాలా? నా మనసు కేబుల్ మీదే ఉంది. మా నాన్న పొద్దున్నే చేతక్ స్కూటర్‌కి చోక్ లాగి, ఓ పక్కకి వంచి, మళ్ళీ నిలబెట్టి కిక్కు కొట్టడం చూస్తూ పెరిగినవాణ్ణి. ఏమంటారు?

గోదారి గేరు (రాజమండ్రి)
కేబులే పెట్టండి సార్, ఆలోచించకండి. నా పాత జీపుకి అదే. మా మెకానిక్ కార్బురేటర్‌ని ఇప్పటికీ ‘కార్పొరేటర్’ అంటాడు గానీ, చోక్ కేబుల్ తెగితే పది నిమిషాల్లో కొత్తది వేసిస్తాడు. స్ప్రింగులు, వైర్లు అయితే ఆయనే బెదిరిపోతాడు.

ఆస్టిన్ కోడలు
రాజమండ్రిలో చోక్ అవసరం ఏడాదికి ఎన్ని రోజులండీ? మే నెలలో ఆ ఇంజిన్ మీద అట్టు వేసుకోవచ్చు :)

మాది 68 షెవ్రోలె సీ10. మొదట మాన్యువల్ చోకే ఉండేది. ఓ జనవరి ఉదయం మావారు చోక్ లాగి స్టార్ట్ చేసి, రేడియో ట్యూన్ చేసుకుంటూ హైవే ఎక్కేశారు. నాబ్ లోపలికి తొయ్యడం మర్చిపోయారు. ఇరవై మైళ్ళు అలాగే. ఇంటికొచ్చాక బండిలోంచి పెట్రోల్ వాసన. ఆయిల్ స్టిక్ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే అక్కడా అదే వాసన. మండని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసుకుంటూ కిందకి దిగుతుంది. ఆ ఆయిల్‌తో నడిపితే రింగులూ బేరింగులూ అరిగిపోతాయని మీకు తెలియనిది కాదు. ఆ వారమే ఆయిల్ మార్చి, ఎడెల్‌బ్రాక్ 1406 కార్బురేటర్ పెట్టించాం, ఎలక్ట్రిక్ చోక్‌ది. దాని జోడీ 1405 మాన్యువల్ చోక్‌ది.

ఇప్పుడు పొద్దున్నే ఎక్సలరేటర్ ఒక్కసారి పూర్తిగా తొక్కి వదిలి తాళం తిప్పుతాను, అంతే.

సందేహాలరావు (మినియాపొలిస్)
అక్కా, టెక్సాస్‌లో నడిచింది ఇక్కడ నడవదు. ఎలక్ట్రిక్ చోక్‌కి ఇంజిన్ ఎంత వేడెక్కిందో తెలియదు, తనకి కరెంటు వచ్చి ఎంతసేపయిందో అంతే తెలుసు. మా దగ్గర మైనస్ ఇరవైలో స్ప్రింగ్ రెండు మూడు నిమిషాల్లో వేడెక్కి చోక్ తెరిచేస్తుంది, ఇంజిన్ మాత్రం ఇంకా మంచుగడ్డే. సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. వెనక హారన్లు, మనకి టెన్షన్.

దీనికి ఉల్టా కూడా ఉంది. సరుకులు కొనడానికి అరగంట ఆపారనుకోండి. చిన్న స్ప్రింగ్ చల్లారిపోతుంది, అంత ఇనుము ఉన్న ఇంజిన్ చల్లారదు. వేడి ఇంజిన్‌కి చోక్ మూసుకుని మళ్ళీ నల్లపొగ. చేతిలో నాబ్ ఉంటే ఎంత లాగాలో, అసలు లాగాలో వద్దో నేనే చూసుకుంటాను.

తీగల సుబ్బయ్య
ఎలక్ట్రిక్ చోక్‌ని తిట్టేవాళ్ళలో చాలామంది వైరు తప్పుచోట కలిపినవాళ్ళే. నేను బాగుచేసిన వాటిలో ఎక్కువ ఇలాంటివే.

1. ఇగ్నిషన్ కాయిల్ ప్లస్ దగ్గర కలపకండి. 72 ఫోర్డ్‌లో ఆ దారిలో రెసిస్టెన్స్ వైరు ఉంటుంది. అక్కడ పూర్తి 12 వోల్టులు రావు, పైగా స్పార్క్‌కి వెళ్ళాల్సిన కరెంటు చోక్ తినేస్తుంది.
2. ఫోర్డ్ వాళ్ళ సొంత ఎలక్ట్రిక్ చోక్‌లకి ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరిగితే కరెంటు పుట్టించేది) లోపలి స్టేటర్ తీగచుట్ట నుంచి ఏడు వోల్టుల దాకా ఇచ్చేవారు. బయట కొన్న 12 వోల్టుల మూతని అక్కడ కలిపితే అది తెరుచుకునేసరికి మీరు ఆఫీసులో ఉంటారు.
3. తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా పాటలు వింటూ కూర్చుంటే చోక్ ఊరికే తెరుచుకుంటుంది. ఇంజిన్ తిరిగితేనే కలిసే ఆయిల్ ప్రెషర్ స్విచ్ మీదుగా కరెంటు ఇస్తే ఆ గొడవ ఉండదు.
4. పాత గొట్టం వచ్చిన కన్నం మూసెయ్యండి. లేకపోతే ఇంజిన్ అక్కణ్ణుంచి దొంగగాలి పీలుస్తుంది.

సందేహాలరావు గారూ, మీరన్న రెండు నిమిషాల సంగతి కొంత నిజమే. మూతకున్న మూడు స్క్రూలు వదులు చేసి, ఒక్కో గీత చొప్పున రిచ్ వైపు (చోక్ ఎక్కువసేపు మూసుండేలా) తిప్పుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. అరగంట ఆపి స్టార్ట్ చేసే విషయంలో మాత్రం నా దగ్గర జవాబు లేదు.

ఆస్టిన్ కోడలు
అసలు ఆ వేడిగాలి గొట్టమే కొత్తది వేస్తే పోదా? కిట్లు దొరుకుతున్నాయిగా. ఎగ్జాస్ట్ వేడిని బట్టి పనిచేసేది కాబట్టి సందేహాలరావు గారి రెండు సందేహాలూ తీరతాయి.

పాతబండి72
అదే మొదట చూశానండీ. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో (ఇంజిన్ పొగని బయటికి తీసుకెళ్ళే ఇనుప భాగం) గొట్టం దూరే చోటే తుప్పు తినేసింది. వేలు పెడితే పొరలు పొరలుగా ఊడివస్తోంది. మానిఫోల్డ్ మార్చాలంటే యాభై ఏళ్ళ బోల్టులు విప్పాలి. ఒక్కటి విరిగినా నా వేసవి సెలవులన్నీ దానికే.

సుబ్బయ్య గారూ, మీ మాటలు ప్రింట్ తీసి గ్యారేజీ గోడకి అంటించాను. అయినా కేబుల్ కిట్టే ఆర్డర్ పెట్టేశాను. డాష్‌బోర్డుకి కన్నం పెట్టడం లేదు, కింద చిన్న బ్రాకెట్ బిగిస్తున్నా. నాబ్ దానంతట అది జారకుండా తిప్పితే బిగుసుకునే రకం తీసుకున్నా.

ఆస్టిన్ కోడలు
మీ ఇష్టం. కానీ మీ అబ్బాయికి వచ్చే ఏడాది పదహారు నిండుతాయని వేరే చర్చలో రాశారు. తాళాలు వాడి చేతికిచ్చిన మొదటి రోజే మావారి కథ మళ్ళీ మొదలు.

పాతబండి72
అదీ ఆలోచించాను. స్టీరింగ్ మధ్యలో ‘చోక్ తోశావా?’ అని పెద్ద అక్షరాలతో రాసి అంటిస్తా.

సందేహాలరావు
తెలుగులోనా? వాడికి చదవడం వచ్చా?

పాతబండి72
...ఆదివారం బడి రెండో తరగతి.