హోమోసిస్టీన్ పరీక్షకు రక్తమే తియ్యాల్నా, ఉమ్మి చాలదా?

ములుగురోడ్డు:
మా అమ్మకు అరవై రెండేండ్లు. షుగరుకు పన్నెండేండ్ల సంది మెట్‌ఫార్మిన్ మింగుతున్నది. అరికాళ్లు తిమ్మిర్లెక్కుతున్నయంటే డాక్టర్ బీ12తో పాటు హోమోసిస్టీన్ కూడా రాసిండు. కలెక్షన్ సెంటర్ల నరం దొరకక మూడుసార్లు పొడిచిన్రు, మోచేతి మడత కాడ నల్లగ కమిలిపోయింది. రిపోర్టుల హోమోసిస్టీన్ 22 వచ్చింది, పక్కన 5 నుంచి 15 ఉండాలని రాసుంది. బీ12 రిపోర్టు ఇంకా రాలే. మల్ల చేయించాలట. సూది మాటెత్తితే అమ్మ కండ్లల్ల నీళ్లు. సిస్టీన్, మెథియోనిన్, హోమోసిస్టీన్ లాంటి గంధకపు అమైనో ఆమ్లాలు ఉమ్మిల కూడా ఉంటయని చదివిన. మరి ఉమ్మితోని ఎందుకు చెయ్యరు?

బయోకెమ్‌పీజీ:
నా ఓటు ఉమ్మికే అన్నా. కార్టిసాల్‌ను ఉమ్మిలో చూస్తున్నరు. హెచ్‌ఐవీ యాంటీబాడీలకు చిగుళ్ల పక్కన తుడిచి చేసే పరీక్ష ఉంది. పసిపిల్లలకు, మంచంల ఉన్నోళ్లకు ఎంత సుఖం! హెచ్‌పీఎల్‌సీ, అంటే కలిసున్న పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం, దానిమీద ఇంత తక్కువ మోతాదులు కూడా పట్టొచ్చు.

ల్యాబ్‌అక్క_హన్మకొండ:
తమ్ముడూ, ఉమ్మిలో కొలవడం వేరు, ఆ అంకె రక్తం సంగతి చెప్పడం వేరు. కార్టిసాల్ కొవ్వులో కరిగేది. ప్రోటీన్‌కు అంటుకోకుండా మిగిలిన భాగం లాలాజల గ్రంథుల కణాలను సులువుగా దాటి వస్తుంది. హోమోసిస్టీన్ అట్ల కాదు. రక్తంలో నూటికి 70, 80 వంతులు ప్రోటీన్‌ను, ముఖ్యంగా ఆల్బుమిన్‌ను పట్టుకునే ఉంటుంది. ఉమ్మిలోకి ఆల్బుమిన్ వచ్చేదే కొంచెం. ఆ పిసరంత చూసి ఒంట్లో 22 ఉందో 12 ఉందో ఎట్ల చెప్తాం?

ఇక కొలిచే కష్టం. ఒక ప్రాజెక్టులో రెండేళ్లు ఇదే పని చేశాను. పొద్దున ఏమీ తినకముందు, టీ తాగకముందు ఉమ్మి పట్టించేవాళ్లం. సగం ట్యూబు నురగే. ఐసులో పెట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన నీళ్లే తీసుకోవాలి. ఒకరోజు హడావుడిలో ఒక ట్యూబు గంటన్నర బల్ల మీదే ఉండిపోయింది. అదే మనిషి, అదే ఉమ్మి. వెంటనే ఆమ్లం కలిపి ఉంచినదాంట్లో సిస్టీన్ పీక్ (యంత్రం గీసే గీతలో మోతాదును చూపే శిఖరం) నిటారుగా వచ్చింది, బల్ల మీదిదాంట్లో సగానికి కుంగిపోయింది. గాలి తగిలితే రెండు సిస్టీన్లు గంధకం దగ్గర జతకట్టి సిస్టిన్ అవుతాయి. పైగా నోట్లో ఉండే బ్యాక్టీరియా ట్యూబులో కూడా దాన్ని తింటూనే ఉంటుంది. ఆ జతలను విడగొట్టడానికి టీసీఈపీ లాంటి మందు వెయ్యాలి, ప్రోటీన్‌ను ఆమ్లంతో దించెయ్యాలి. సిస్టీన్ తనంతట తాను మెరవదు కాబట్టి మెరిసే అణువును తగిలించి అప్పుడు కాలమ్‌లోకి, అంటే యంత్రంలో పదార్థాలను విడదీసే గొట్టంలోకి ఎక్కించాలి. ఇన్ని మెట్లలో ఎక్కడ ఆలస్యమైనా అంకె మారిపోతుంది.

పళ్లడాక్టర్_నర్సంపేట:
చిగుళ్ల సంగతి మర్చిపోయారు. బీడీ, గుట్కా అలవాటున్నవాళ్లు, పయోరియా ఉన్నవాళ్లు నా దగ్గరికి రోజూ వస్తారు. ఎర్ర రక్తకణాల్లో గంధకం ఉండే గ్లూటాథయోన్ బాగా ఎక్కువ. చిగురు నుంచి ఒక్క చుక్క రక్తం కలిసినా ఉమ్మిలో దాని లెక్క తప్పుతుంది. అయితే నోటి జబ్బులకు ఈ కొలతలు నిజంగా పనికొస్తాయి. సిస్టీన్ నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్, మెథియోనిన్ నుంచి మిథైల్ మెర్కాప్టాన్ పుడతాయి, నోటి దుర్వాసనకు మూలం ఎక్కువగా అవే. ఆ పరిశోధనకు ఉమ్మి కంటే మంచిది లేదు.

బయోకెమ్‌పీజీ:
ఒప్పుకుంటా సార్. కానీ అక్కా, రక్తం మాత్రం అంత నమ్మకమైనదా? తీసి ఊరికే పెడితే ఎర్రకణాలు హోమోసిస్టీన్‌ను వదుల్తనే ఉంటయి. మామూలు వేడిలోనే గంటకు నూటికి పది వంతుల దాకా పెరుగుతది. అన్నా, అమ్మ రక్తం ఎన్నిగంటలకు తీసిన్రు? ల్యాబుకు ఎన్నింటికి చేరింది?

ములుగురోడ్డు:
ఇప్పుడే ఫోన్ చేసి అడిగిన. పొద్దున ఎనిమిదింటికి తీసిన్రు. పిల్లగాడు బండి మీద సంచిల ఏసుకొని హన్మకొండ పోయేసరికి పన్నెండు దాటిందట. ఐసు పెట్టలేదట. ఆరోజు ఎండ కూడా మస్తుండె.

ల్యాబ్‌అక్క_హన్మకొండ:
తమ్ముడు మంచి ప్రశ్న అడిగాడు, ముందే నేను అడగాల్సింది. ఆ 22ను పూర్తిగా నమ్మలేం, అట్లని కొట్టిపారెయ్యలేం కూడా. మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడితే బీ12 తగ్గుతుంది, బీ12 తగ్గితే హోమోసిస్టీన్ పెరుగుతుంది. ఈసారి అమ్మను నేరుగా ల్యాబు ఉన్నచోటికే తీసుకురా. వచ్చేముందు రెండు గ్లాసుల నీళ్లు తాగించు, చేతికి వేడి గుడ్డ కట్టు, బటర్‌ఫ్లై సూది అడుగు. ట్యూబు ఐసులో పెట్టి గంటలోపు ప్లాస్మా వేరు చేస్తారా అని ముందే కనుక్కో. ఉమ్మి విషయంలో మాత్రం నా మాట మారదు.

బయోకెమ్‌పీజీ:
బీ12 తక్కువున్నోళ్ల రక్తం, ఉమ్మి ఒకేసారి తీసి పక్కపక్కన పెట్టి చూస్తేగానీ నేనూ ఒప్పుకోనక్కా. మా గైడ్‌ను అడుగుత.

ములుగురోడ్డు:
బీ12 రిపోర్టు వచ్చింది, 140. శనివారం అమ్మను తోలుకొస్త.

ల్యాబ్‌అక్క_హన్మకొండ:
అది తక్కువే. శనివారం దాకా ఆగకు, రేపే డాక్టర్‌కు చూపించు. ఇంజెక్షన్లు మొదలైతే హోమోసిస్టీన్ దిగిపోతుంది, కాబట్టి మొదటి ఇంజెక్షన్‌కు ముందే రక్తం ఇప్పించు. నేను పొద్దున ఏడింటి నుంచి ఉంటా, నేనే తీస్తా.