పెద్దపేగు క్యాన్సర్: కణాల పట్టు సడలడం కారణమా, ఫలితమా?

జీవకణం: పేగు లోపలి పొరలో కణాలు ఈ-క్యాడ్హెరిన్ అనే ప్రోటీన్‌తో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయని, ఆ పట్టు సడలితే క్యాన్సర్ కణం విడిపోయి లివర్‌కు చేరుతుందని నిన్న క్లాసులో చెప్పాను. "అంటే పట్టు పోవడం వల్లే క్యాన్సర్ వస్తుందా సార్?" అని ఒక అమ్మాయి అడిగింది. అవునన్నాను. అప్పటి నుంచి అదే ఆలోచన. నేను చెప్పింది సరైనదేనా?

స్లైడ్‌బాక్స్: కాదనే అంటాను మాస్టారూ. ఈ-క్యాడ్హెరిన్ జన్యువు సీడీహెచ్1. అది పుట్టుకతోనే దెబ్బతిన్నట్టు 1998లో న్యూజిలాండ్ ఆదివాసీలైన మావోరీల కుటుంబాల్లో బయటపడింది. వాళ్లకు వచ్చింది జీర్ణాశయం క్యాన్సర్, పెద్దపేగుది కాదు. పెద్దపేగులో చాలా కేసుల్లో మొదట చెడేది ఏపీసీ జన్యువు. బీటా-కాటెనిన్ అనే ప్రోటీన్‌ను పోగుపడకుండా చూసేది అదే. అది చెడితే బీటా-కాటెనిన్ కేంద్రకంలోకి చేరి, ఆగకుండా విభజించమని కణాన్ని తరుముతుంది.

పేగుబంధం: మీరన్న ఆ బీటా-కాటెనినే కదండీ, కణం అంచున ఈ-క్యాడ్హెరిన్‌కు ఆసరాగా ఉండేది! పట్టునూ పెరుగుదలనూ విడదీసి ఎలా మాట్లాడతాం? పక్కపక్క కణాలను గుండీల్లా బిగించే డెస్మోజోములనే చూడండి. వాటిలోని డెస్మోకొల్లిన్-2 అనే ప్రోటీన్‌ను తగ్గిస్తే పేగు కణాల్లో బీటా-కాటెనిన్ సంకేతం పెరిగింది, ఎలుకల్లో గడ్డలు కట్టాయి. దీన్ని వట్టి ఫలితం అని ఎలా అంటారు?

స్లైడ్‌బాక్స్: ఆ ప్రయోగం నేనూ ఒప్పుకుంటాను. పట్టు పోతే జబ్బు ముదురుతుంది, నిజమే. కానీ ఒకసారి స్లైడ్ చూడండి. బీటా-కాటెనిన్‌కు గోధుమరంగు వేస్తే, గడ్డ నడిమధ్య కణాలు ఇంకా గుండ్రటి గ్రంథులుగానే ఉంటాయి, రంగు వాటి అంచుల వెంబడి గీతలా కనిపిస్తుంది. గడ్డ చొచ్చుకుపోయే అంచుకు వస్తే ఒంటరిగానో, నాలుగింటికి మించని గుంపులుగానో కణాలు విడివడి ఉంటాయి. అక్కడ కేంద్రకాలే గోధుమరంగులో ఉంటాయి. రెండు చోట్లా చెడిన ఏపీసీ ఒకటే, అయినా పట్టు సడలింది అంచునే!

ఇక లివర్‌కు పాకిన గడ్డను కోసి చూస్తే మళ్లీ అవే గుండ్రటి గ్రంథులు. పట్టు శాశ్వతంగా పోయి ఉంటే అవి తిరిగి ఎలా కడతాయి? అందుకే నేను దీన్ని దారిలో జరిగే సడలింపు అంటాను.

పేగుబంధం: అన్ని గడ్డలూ అలా ఉండవుగా. గ్రంథులే కట్టని రకాలూ ఉన్నాయి. వాటిలో పట్టు తిరిగి వచ్చిందని నేను ఒప్పుకోను.

స్లైడ్‌బాక్స్: ఆ రకాల విషయంలో మీ మాట కాదనను. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. అంచున విడివడిన ఆ చిన్న గుంపులను లెక్కపెట్టి రిపోర్టులో రాయాలి. ఒక నిర్ణీత వైశాల్యంలో పది, అంతకు మించి ఉంటే ఎక్కువ కింద లెక్క. పాలిప్‌లోనే (పేగు లోపలి పొర మీద పెరిగే చిన్న కండలోనే) దొరికిన తొలి దశ క్యాన్సర్‌కు, అది తీసేశాక పెద్ద ఆపరేషన్ కూడా కావాలా అని తేల్చేటప్పుడు ఆ లెక్క చూస్తారు. రిపోర్టులో ఆ ఒక్క లైను లేకపోతే నష్టపోయేది పేషెంటే.

జీవకణం: ఇద్దరికీ థ్యాంక్స్ అండీ. సోమవారం ఆ అమ్మాయిని పిలిచి, నా జవాబు తప్పని చెప్తాను. ఆ రెండు స్లైడ్ల ఫొటోలు దొరికితే పెట్టగలరా, బోర్డు మీద గీస్తాను.