వెజిటా గోకుకి ఏమవుతాడు?

‘రైవల్’కి తెలుగు మాట కావాలి. డ్రాగన్ బాల్ అనే జపాన్ మాంగా (బొమ్మల కథ)లో హీరో గోకుకి పోటీగా నిలిచే వెజిటా గురించి రాస్తున్నాను. ప్రత్యర్థి అంటే ఎన్నికల వార్తలా ఉంది, శత్రువు అంటే కథే తప్పిపోతోంది. పెద్దలెవరైనా చెప్పండి.

— ‘ఉజ్జీ’ అను తమ్ముడూ. సమఉజ్జీ అని పేపర్లలో ఇంకా బతికే ఉంది. మా వైపు ‘ఉద్ది’ అంటాం. చెడుగుడుకి జట్లు పంచేటప్పుడు ఒకే సత్తువ ఉన్న ఇద్దర్ని ఉద్దులుగా నిలబెడతారు. ఒకడు ఇటొస్తే రెండోవాడు అటు పోవాల్సిందే. నీకు సరితూగేవాడు నీ జట్టులో ఉండడు. జపాన్ వాళ్లకీ ‘కోతెకిషు’ అని ఒకటుంది, మంచి శత్రువు అని. కొన్ని మాంగాల్లో ఆ అక్షరాల పక్కనే చిన్నగా ‘రైబరు’ అని చదువుకోమని వేస్తారు.

— ఉజ్జీ అంటే సమానం కదా అన్నా. వెజిటా ఎప్పుడు సమానమయ్యాడు? ఎప్పుడు చూసినా ఒక మెట్టు కిందే.

— అతని కడుపుమంటంతా అక్కడే. సైయన్లనే యోధజాతికి రాజకుమారుడు, గోకుదీ అదే జాతి. గోకుని మొదట తక్కువ తరగతి సైనికుడని ఈసడించాడు. అందరూ గోకు అంటారు, ఇతను మాత్రం ఆఖరిదాకా పుట్టినప్పటి పేరు ‘కాకరొట్’ వదల్లేదు. (అది క్యారెట్టే. రచయిత తొరియామా సైయన్లందరికీ కూరగాయల పేర్లే పెట్టాడు.) బూ అనే రాక్షసుడు వచ్చే ఘట్టంలో గోకుతో సమానంగా తలపడాలన్న పంతంతో మాంత్రికుడు బాబిదీ మంత్రానికి కావాలనే లొంగాడు. ఆ తర్వాత బూతో గోకు పోరాడుతుంటే పక్కన నిలబడి, నువ్వే నంబర్ వన్ అని ఒప్పుకున్నాడు. అదీ మనసులోనే, గోకు చెవిన పడకుండా! గోకు గెలవడానికి కాదు, ఓడిపోకుండా ఉండటానికి తన హద్దుల్ని దాటుతూ పోతాడని అప్పుడు గ్రహించాడు. 1984లో మొదలై 1995లో ముగిసిన కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన పేజీలవి. పిడిగుద్దుల పేజీలు ఎన్ని ఉన్నా వీటి తర్వాతే.

— మరి మొదట్లో విలన్ ఫ్రీజా దగ్గర కొలువు చేసినంత కాలం? అది స్వామిభక్తి కాదా?

— భయం. సైయన్ల గ్రహాన్ని పేల్చినవాడి దగ్గర ఊడిగం. నామెక్ గ్రహం మీద చచ్చిపోతూ, ఏడుస్తూ, ఫ్రీజాని చంపమని వేడుకున్నది ఎవర్ని? కాకరొట్‌నే. గోకే అతన్ని పాతిపెట్టాడు. ఉజ్జీ అన్నది అక్కడే కుదిరిందని నా లెక్క.

— సరే, ఉజ్జీ ఖాయం. ఇంకో తలనొప్పి: జపనీస్‌లో గోకుని ‘కిసమా’ అని తిడుతూ పిలుస్తాడే, దాన్నెలా తెలిగించాలి? ‘ఏరా’ సరిపోతుందా?

— ‘ఏరా’లో చనువుంది, కిసమాలో లేదు. బజారు తిట్టు పెడితే రాజకుమారుడి నోట పలకదు. పైగా ఆ నంబర్ వన్ మాట దగ్గర కిసమా పోయి, తోటివాణ్ణి అనే ‘ఒమయే’ వస్తుంది. ఆ తేడా తెలుగులోనూ వినబడాలి. నేనైతే ముందు ‘నీచుడా’ అనిపించి, అక్కడికొచ్చేసరికి వట్టి ‘నువ్వు’ పెడతాను.