సంక్షేమ రాజ్యాల్లో బలవంతపు ఆపరేషన్లు ఎట్లా జరిగినాయి?

సివిక్స్ మేడమ్, అనంతపురం:
డిగ్రీ పిల్లలకు మానవ హక్కులు చెప్తాను. ఈ వారం స్వీడన్, ఫిన్లాండ్, డెన్మార్క్ లాంటి నార్డిక్ దేశాల పాఠం. 1906లో ఫిన్లాండ్ ఆడవాళ్లకు ఓటుతో పాటు పోటీ చేసే హక్కూ ఇచ్చింది. 1979లో స్వీడన్, సొంత బిడ్డనైనా కొట్టకూడదని ప్రపంచంలోనే మొదట చట్టం చేసింది. ఇంతవరకు చెప్పినాక ఒకమ్మాయి లేచి, "అదే స్వీడన్‌లో 1975 దాకా పిల్లలు పుట్టకుండా బలవంతంగా ఆపరేషన్లు చేసినారంట, నిజమేనా మేడమ్?" అనింది. నిజమే. ఎన్నికలూ పత్రికలూ ఉండి, జనం సంక్షేమం చూసుకునే దేశంలో 40 ఏండ్లు అది ఎట్లా సాగింది?

రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్, కర్నూలు:
అమ్మా, నేను ఉద్యోగంలో చేరింది ఎమర్జెన్సీలో. ఊరికి ఇన్ని కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కేసులు తేవాలని పైనుంచి వచ్చేది, తేకుంటే జీతం ఆగేది. కాగితాల మీద వేలిముద్రలన్నీ సక్రమంగానే ఉండేవి. లోను కావాలంటే ముందు ఆపరేషన్ సర్టిఫికెట్ చూపమంటే, ఆ మనిషి ఇంకేం చేస్తాడు?

స్వీడన్‌లోనూ చానా వరకు సంతకాలతోనే జరిగింది. 1934లో చట్టం, 1941లో దాన్ని ఇంకా విస్తరించినారు. గర్భం తీయించుకోవాలన్నా, హోం నుంచి బయటికి పోవాలన్నా, మూర్ఛ ఉన్నామె పెండ్లి చేసుకోవాలన్నా ముందు ఆపరేషన్ అనేవాళ్లు. మొత్తం 63 వేల మంది దాకా, అందులో ఆడవాళ్లే ఎక్కువ. అందరూ బలవంతం కింద రారు, అది కూడా పిల్లలకు చెప్పండి. కానీ అవసరమూ అనుమతీ ఒకే ఆఫీసు చేతిలో ఉంటే ఒప్పుకోలుకు విలువేముంది? పార్లమెంటులో పార్టీలన్నీ ఒప్పుకున్నాయి. అక్కడి ఉప్సలా ఊర్లో 1922 నుంచే జాతి జీవశాస్త్రానికి, అంటే మనుషుల్ని మేలు జాతి, తక్కువ జాతి అని విడదీసే చదువుకు, ప్రభుత్వ సంస్థ ఉండేది, అంటే చదువుకున్నోళ్ల మద్దతూ ఉండింది. అడ్డం పడాల్సినోళ్లెవరు? 1997లో పత్రిక కథనాలతో పెద్ద గొడవైంది. 1999లో బాధితులకు తలా 1,75,000 క్రోనార్లు ఇచ్చేటట్టు చట్టం చేసినారు.

స్టాఫ్ నర్సు, కడప:
సార్ చెప్పినదాంట్లో సంతకమైనా ఉంది. గ్రీన్‌లాండ్‌లో అదీ లేదు మేడమ్. అది డెన్మార్క్ ఏలుబడిలో ఉండే చోటు. 1960ల చివర అక్కడ డెన్మార్క్ డాక్టర్లు దాదాపు 4,500 మంది ఆడవాళ్లకు, అమ్మాయిలకు గర్భం రాకుండా లోపల పెట్టే లూపు వేసినారు. వాళ్లలో చానా మందిని అడగనేలేదు. కొందరు బడికి పోయే పిల్లలు. మా సీనియర్ సిస్టర్ల నోట విన్న లూపే అది. నేను కాపర్-టి వేసేముందు ఎంత అర్జంటున్నా ఆమెకు అర్థమయ్యేదాకా చెప్తాను, అందుకే ఇది చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. నాయా లీబెర్త్ అనే ఆమె 2017లో తన సంగతి బయటపెట్టింది. 2024లో 143 మంది కోర్టుకెక్కినారు. డెన్మార్క్ ప్రధానమంత్రి 2025లో క్షమాపణ చెప్పింది.

సివిక్స్ మేడమ్, అనంతపురం:
ఇద్దరికీ నమస్కారం. సూపర్‌వైజర్ గారూ, అట్లయితే సంక్షేమమే వద్దనాలనా?

రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్, కర్నూలు:
అయ్యో, అట్ల కాదమ్మా. మీ నార్పల మండలం బండ్లపల్లిలోనే కదా 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ మొదలుపెట్టింది. పని అడిగిన 15 రోజుల్లో ఇవ్వకుంటే భృతి ఇవ్వాలని ఆ చట్టంలోనే రాసినారు. మస్టర్లు, అంటే పనికి వచ్చినోళ్ల హాజరు పట్టికలు, ఊరి సభలో గట్టిగా చదివే సోషల్ ఆడిట్ కూడా పెట్టినారు. తీసుకునేవాడు ఎదురు అడిగే వీలు అందులో ఉండింది. ఆ అమ్మాయిని, తోటి పిల్లల్ని బండ్లపల్లికి తీసుకుపోండి, మొదట్లో పనికి పోయినోళ్లతో మాట్లాడించండి.