సండే స్కూల్లో బానిసల తోటల చరిత్ర ఎంతవరకు చెప్పాలి?

గుంటూరు టీచరమ్మ: అందరికీ వందనాలు. హైస్కూల్ పిల్లలకు కరీబియన్ చెరకు తోటల గురించి చెబుతున్నాను. బానిసత్వం మీద బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు విల్బర్‌ఫోర్స్ చేసిన పోరాటం, దాన్ని రద్దు చేసిన 1833 బ్రిటిష్ చట్టం చెప్పి ముగిద్దామనుకున్నా. ఒక పాప లేచి, "ఆ యజమానులు కూడా చర్చికి వెళ్లేవాళ్లా?" అంది. ఔనంటే తల్లిదండ్రులు ఏమంటారో అని టెన్షన్.

ఇద్దరు పిల్లల తండ్రి: విశ్వాసంలో ఎదగాల్సిన వయసులో ఈ అనుమానాలెందుకు సిస్టర్? తప్పు చేసింది కొందరు చెడ్డవాళ్లు. బానిసత్వం మాన్పించింది క్రైస్తవులే కదా, అది చెప్పండి చాలు.

పాత పుస్తకాలు: ఎలా చాలుతుంది బ్రదర్? కరీబియన్ దీవి బార్బడోస్‌లో కోడ్రింగ్టన్ తోటలున్నాయి. 1710లో యజమాని చనిపోతూ వాటిని, అందులోని బానిసలతో సహా, ఇంగ్లండ్‌లోని ఒక సువార్త సంఘానికి రాసిచ్చాడు. ఆ సంఘం చేతిలో ఉండగానే కొన్నేళ్లు బానిసల ఛాతీ మీద ఎర్రగా కాల్చిన ఇనుముతో 'సొసైటీ' అని ముద్ర వేశారు. ఇక్కడ చెడ్డవాళ్లెవరు? యజమాని మిషన్ సంఘమే.

ఇంకోటి. 1807లో లండన్‌లో బానిసల కోసమే ఒక బైబిల్ అచ్చేశారు. అన్నలు యోసేపును అమ్మేసిన కథ ఉంచారు, మోషే జనాన్ని విడిపించిన భాగం తీసేశారు. దాసులు యజమానులకు లోబడాలన్న ఎఫెసీ మాట ఉంది, దాసుడని స్వతంత్రుడని లేదన్న గలతీ 3:28 లేదు. టీచరమ్మా, పిల్లల చేత నిర్గమకాండంలో ఎర్రసముద్రం దాటేదాకా పేజీలకు రబ్బర్ బ్యాండ్ వేయించి, మిగతాది చదవమనండి. ఎందుకు తీసేశారో వాళ్లే చెబుతారు.

ఇద్దరు పిల్లల తండ్రి: అంటే మన మతాన్ని మనమే తిట్టుకోవాలంటారు!

పాత పుస్తకాలు: తిట్టడం ఎక్కడుంది? జమైకాలో శామ్ షార్ప్ బానిస, బాప్టిస్టు సంఘంలో డీకన్ (పరిచారకుడు) కూడా. కూలి ఇస్తేనే పని అంటూ 1831 క్రిస్మస్ తర్వాత సమ్మె లేపాడు, అది తిరుగుబాటైంది. 1832 మేలో ఉరి తీశారు. ఆయన చేతిలో ఉన్నదీ బైబిలే. విల్బర్‌ఫోర్స్ ఒక్కడి పేరే చెబితే ఈయన ఏమైపోవాలి? పైగా ఆ చట్టం 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది యజమానులకు. బానిసలకు పైసా లేదు.

డర్బన్ తెలుగు: మనవాళ్ల కథా కలపండి. దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటల్లో ఉన్న తెలుగు కూలీల కోసం 1903లో నెల్లూరు వైపు నుంచి జాన్ రంగయ్య గారు వచ్చి సంఘాలు కట్టారు. అది బానిసత్వం కాదు, ఒప్పంద కూలి, అంటే కొన్నేళ్ల ఒప్పందం మీద జీతానికి చేసే పని. ఆ తేడా కూడా చెప్పాలి.

ఇద్దరు పిల్లల తండ్రి: షార్ప్ సంగతి చెప్పండి, అభ్యంతరం లేదు. ఆ కాల్చిన ముద్ర మాత్రం మా చిన్నోడి క్లాసులో వద్దు. వాడు ఇంకా ఐదో తరగతి.

గుంటూరు టీచరమ్మ: ఐదో తరగతికి యోసేపు, మోషే చాలు బ్రదర్. ముద్ర సంగతి పెద్ద క్లాసుకే చెబుతా. ముందు తల్లిదండ్రులను పిలిచి మాట్లాడతాను.